ముందు ఫీడరు, ఎంఓయూ తర్వాత: జిల్లా కాలేజీ నుంచి విదేశీ యూనివర్సిటీతో పవర్ పరిశోధన ఎట్లా చేయాలి

కాలేజీలకు గ్రేడులిచ్చే నాక్ టీమ్ వచ్చే ఏడాది దగ్గర పడేకొద్దీ మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒకటే హడావిడి. ‘ఫారిన్ యూనివర్సిటీతో ఎంఓయూ ఒకటైనా ఉండాలి మేడం, మీకెవరైనా తెలుసా?’ అని అడుగుతారు. ఎవరి బావమరిదో పనిచేసే చోటి నుంచి ఒక ఒప్పందం కాగితం వస్తుంది. రెండు జెండాలు పెట్టి ఫొటో దిగుతారు. ఆ ఫైలు మళ్ళీ తెరిచేది తర్వాతి నాక్‌కే. పెళ్ళిచూపులు కాకముందే శుభలేఖలు అచ్చేసుకున్నట్టు ఉంటుంది ఈ వ్యవహారం.

ఆ కాగితం ఎట్లా తెచ్చుకోవాలో నాకు తెలియదు. బయటి దేశం వాళ్ళతో కలిసి నిజంగా ఒక పేపరు రాయడానికి, ఒక క్లాసు నడపడానికి, ఒక పిల్లనో పిల్లవాణ్ణో అక్కడికి పంపడానికి ఏం చేయాలో చెప్పగలను. నేను అనంతపురం శివార్లలో ఒక ప్రైవేటు కాలేజీలో ఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్) చెబుతాను. జర్మనీలో డిస్ట్రిబ్యూషన్ నెట్‌వర్కుల మీద పనిచేసే ఒక గ్రూపుతో కొన్నేళ్ళుగా మాకు పని నడుస్తోంది. మాది ఐఐటీ కాదు, కోట్ల రూపాయల ల్యాబు లేదు. కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో మాలాంటి కాలేజీల్లో పనిచేసేవాళ్ళను, చదివేవాళ్ళను దృష్టిలో పెట్టుకునే ఇది రాస్తున్నాను.

ముందు మన దగ్గర ఏముందో చూసుకోండి

‘మీ ల్యాబులో ఏ టాపిక్ ఇచ్చినా చేస్తాను సార్’ అని మనవాళ్ళు మెయిళ్ళు రాస్తుంటారు. అక్కడి ప్రొఫెసర్ల ఇన్‌బాక్సుల్లో అట్లాంటివి కుప్పలు. ఏదైనా చేస్తానన్న మనిషికి ఏం పని చెప్పాలో ఎవరికీ తోచదు. వాళ్ళకు లేనిది, మన దగ్గర ఉన్నది ఏమిటో తేల్చుకున్నాకే కంప్యూటరు ముందు కూర్చోండి.

కరెంటు చదువుకు మన సీమ కంటే మంచి చోటు తక్కువ. గని, శకునాల ఊళ్ళ మధ్య 1000 మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కు 2017లో పూర్తయింది. ఎన్పీ కుంటలో ఇంకో సోలార్ పార్కు. రామగిరి కొండల మీద గాలిమరలు 1990ల నుంచీ తిరుగుతున్నాయి. కడప జిల్లాలో ముద్దనూరు దగ్గర ఆర్‌టీపీపీ థర్మల్ కేంద్రం బొగ్గు మీద నడుస్తుంది. శ్రీశైలం ఎడమగట్టున, అంటే తెలంగాణ వైపు, ఒక్కొక్కటి 150 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్లు ఆరున్నాయి, అవే నీళ్ళను వెనక్కి తోడగలవు. పిన్నాపురం పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు సామర్థ్యం 1680 మెగావాట్లు. ఎండ, గాలి, బొగ్గు, నీళ్ళు అన్నీ ఒక పగటి ప్రయాణంలో చూసి రావచ్చు.

ఇంత ఉంది కదా అని పెద్ద ప్లాంట్ల మీద పడకండి. వాటి డేటా కంపెనీల చేతుల్లో ఉంటుంది. గేటు దాటాలంటేనే నెలలు పడుతుంది. గేటు దాటినా సెకను సెకను రీడింగు మన చేతికి రాదు. ఫొటోలు దిగి రావాల్సిందే. మన చేతికి అందేది వేరే ఉంది: బోరుబావుల ఫీడరు, అంటే సబ్‌స్టేషన్ నుంచి పొలాల మోటార్లకు కరెంటు మోసే లైను.

మా పని అట్లాంటి ఒక ఫీడరుతోనే మొదలైంది. ఊరి పేరెందుకులెండి, తాడిపత్రి దారిలో ఉంటుంది. అక్కడి లైన్‌మన్ అన్న ఒకరోజు నాతో అన్నాడు: ‘మేడం, మీరు పదకొండింటికొచ్చి ఏం చూస్తారు? పొద్దున కరెంటు ఇచ్చేటప్పుడు రాండి. మోటార్లన్నీ ఒక్కసారిగా ఎత్తుకుంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ మూలుగుతాది, చూడండి.’

ఆయన చెప్పినదాంట్లో ఒక మంచి పరిశోధన ప్రశ్న ఉంది. వ్యవసాయానికి పగలు తొమ్మిది గంటలు కరెంటు. రైతు ప్రతిసారీ పొలానికి పోయి బటన్ నొక్కలేడు కాబట్టి ఆటో స్టార్టరు పెట్టుకుంటాడు. సబ్‌స్టేషన్లో బ్రేకరు వేయగానే ఆ ఫీడరు మీది మోటార్లన్నీ దాదాపు ఒకేసారి కదులుతాయి. ఇండక్షన్ మోటారు స్టార్టింగులో మామూలుకు ఐదారు రెట్ల కరెంటు లాగుతుందని మనం బీటెక్‌లో చదువుకున్నదే. అన్నీ కలిసి అట్లా లాగితే లైను చివర ఓల్టేజీ పడిపోతుంది. మోటారు టార్కు ఓల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది తొందరగా వేగం అందుకోదు. వేగం అందుకోనంతసేపూ ఎక్కువ కరెంటు లాగుతూనే ఉంటుంది, ఓల్టేజీ ఇంకా లేవదు. వినియోగదారులందరూ ఒకే క్షణంలో స్విచ్చి వేయరు అనే నమ్మకం మీద లోడ్ డైవర్సిటీ లెక్కలు వేస్తారు. మన ఫీడరు దగ్గర ప్రతి పొద్దునా ఆ నమ్మకం వమ్మవుతుంది.

జర్మనీలో సంగతి తలకిందులు. అక్కడ మధ్యాహ్నం ఇళ్ళ కప్పుల మీది సోలారు ప్యానెళ్ళ కరెంటు వెనక్కి లైన్లోకి వచ్చి ఓల్టేజీ పెరుగుతుంది, దాన్ని దించడమే వాళ్ళ తలనొప్పి. లైను మీద ఓల్టేజీ తేడా సుమారుగా రెసిస్టెన్సును యాక్టివ్ పవరుతో, రియాక్టెన్సును రియాక్టివ్ పవరుతో గుణించి, రెండూ కూడి, ఓల్టేజీతో భాగిస్తే వస్తుంది. (యాక్టివ్ అంటే నిజంగా పనిచేసే పవరు, రియాక్టివ్ అంటే మోటార్ల అయస్కాంత క్షేత్రాల కోసం వచ్చిపోయే పవరు.) రెండు దేశాల్లోనూ అదే సమీకరణం. అక్కడ యాక్టివ్ పవరు గుర్తు మైనస్, ఇక్కడ ప్లస్. ఇప్పుడు పీఎం-కుసుమ్ పథకం కింద వ్యవసాయ ఫీడర్లకే సోలారు కలుపుతున్నారు కాబట్టి రెండు గుర్తులూ ఒకే లైను మీదికి వస్తున్నాయి. పొద్దున మోటార్లు ఎత్తుకునే వేళకు ఎండ పూర్తిగా రాదు. సోలారు ఇన్వర్టరు రియాక్టివ్ పవరు ఇచ్చి ఆ కొద్ది నిమిషాలు ఆదుకోగలదా? మా రెండు గ్రూపులనూ కలిపింది ఈ ఒక్క ప్రశ్నే.

కర్నూలు వాళ్ళకు కేసీ కెనాల్ కింద లిఫ్టుల దగ్గర ఇంకో ప్రశ్న దొరకొచ్చు. కడప వైపు నాపరాయి పాలిషింగ్ యూనిట్లున్న ఊళ్ళల్లో పవర్ ఫ్యాక్టరు, హార్మోనిక్స్ చూడొచ్చు. ఏదైనా సరే, ఒక్క వాక్యంలో చెప్పగలిగేంత చిన్న ప్రశ్న కావాలి.

కొలవడం

ఇందులో సగం పని ఇంజనీరింగు, సగం మనుషులతో మాట్లాడటం. ప్రిన్సిపాల్ సంతకంతో డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఆపరేషన్ డీఈ (డివిజనల్ ఇంజనీరు) గారికి ఉత్తరం పెట్టండి. ఏం కొలుస్తారు, ఎన్ని రోజులు, పరికరం ఎవరిది, పాడైతే ఎవరి బాధ్యత అన్నవి ఒక పేజీలో రాయండి. ఆ ఉత్తరం కింది దాకా వచ్చేసరికి టైము పడుతుంది కాబట్టి ఈలోగా సెక్షన్ ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరును) కలవండి. ఆయనకు మీ పని వల్ల ఒక ఉపయోగం ఉండేట్టు చూడండి. ఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత ఓవర్‌లోడ్ ఉందో మీ గ్రాఫు చూపిస్తే, అదనపు ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎస్టిమేటు పెట్టుకోవడానికి ఆయనకది పనికొస్తుంది.

రీడింగులు రాసుకునే లాగర్ బిగించేది ట్రాన్స్‌ఫార్మర్ ఎల్‌టీ (తక్కువ ఓల్టేజీ) వైపు. కరెంటు కొలిచే సీటీ క్లాంపులు మూడు ఫేజులకూ, ఓల్టేజీ క్లిప్పులు నాలుగు వైర్లకూ. లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్ అనుమతి) తీసుకుని, స్తంభం మీది ఏబీ స్విచ్ దించి, ఎర్తింగ్ వేశాకే పైన చేయి పెట్టాలి. అదీ ఆయన చేయే, మన విద్యార్థిది కాదు. ‘టాంగ్ టెస్టర్ పట్టుకుని ఊరికే చూస్తాం అన్నా’ అని మన పిల్లలు ముందుకు ఉరుకుతారు. నేను ఫెన్సింగు లోపలికి ఎవర్నీ రానివ్వను, ఈ విషయంలో నాకు మొహమాటం లేదు.

రీడింగు ఎంత తరచుగా తీయాలి అన్నది మీ ప్రశ్నను బట్టి. మన ఎనర్జీ మీటర్లు 15 నిమిషాలకోసారి రాస్తాయి, రోజుకు 96 బ్లాకులు. మోటార్లు ఎత్తుకునే దృశ్యం ఆ రికార్డులో కనబడనే కనబడదు, సగటులో కలిసిపోతుంది. దానికి సెకనుకోసారైనా కావాలి. చివరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మేం తీసిన గ్రాఫులో, ఫేజుల మధ్య 415 ఉండాల్సిన ఓల్టేజీ కరెంటు వచ్చిన క్షణంలో గోడ దూకినట్టు కింద పడి, మెల్లగా మెట్లు మెట్లుగా లేచింది. ఒక్కో మెట్టు దగ్గర కొన్ని మోటార్లు వేగం అందుకుని కరెంటు తగ్గించుకున్నాయన్నమాట. తర్వాత మా జర్మన్ మిత్రులకు పంపిన మొదటి బొమ్మ కూడా ఇదే.

లైను వివరాలు కూడా అప్పుడే రాసుకోండి: ఏ స్తంభం నుంచి ఏ స్తంభానికి ఎంత దూరం, 34 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) కండక్టరా 55 స్క్వేరా, ట్రాన్స్‌ఫార్మర్ 25 కేవీఏనా 100 కేవీఏనా, దాని కింద ఎన్ని మోటార్లు, ఎన్ని హెచ్‌పీ. రికార్డులో 5 హెచ్‌పీ అని ఉంటుంది, పొలంలో 7.5 ఉంటుంది. రైతును అడిగితే నిజమే చెబుతాడు, కాకపోతే మీరు కరెంటు ఆఫీసు నుంచి రాలేదని ముందు నమ్మాలి. మా ఎంటెక్ అమ్మాయి ఈ పని నాకన్నా బాగా చేసింది. వాళ్ళ నాన్నకూ బోరుంది మరి.

వాళ్ళు తెరిచి చూడగలిగే రూపంలో పెట్టడం

విదేశీ పేపర్లలో అందరూ వాడే, ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంఘం ఇచ్చిన 34 బస్ టెస్ట్ ఫీడరు అరిజోనాలో ఉన్న ఒక నిజమైన లైను, 24.9 కేవీది. అమెరికా పల్లెల్లో సింగిల్ ఫేజు కొమ్మలు, ఇంటికో చిన్న ట్రాన్స్‌ఫార్మర్. మనకు 11 కేవీ మూడు ఫేజులు పొలం దాకా వస్తాయి. మన విద్యార్థులు ఆ అరిజోనా లైను మీదే అల్గారిథమ్ నడిపి అనంతపురం రైతుకు మేలు జరుగుతుందని రాస్తే రివ్యూయర్ నవ్వుకుంటాడు. ఆ టెస్ట్ ఫీడర్లు పద్ధతి సరిచూసుకోవడానికి వాడండి, ఫలితాలు మాత్రం మీ సొంత ఫీడరు మీద చూపించండి.

సాఫ్ట్‌వేరుకు డబ్బు అక్కర్లేదు. అమెరికాలో ఈపీఆర్ఐ సంస్థ ఇచ్చే ఓపెన్‌డీఎస్ఎస్ ఉచితం, మూడు ఫేజులూ సమానంగా లేని డిస్ట్రిబ్యూషన్ లైన్లకు అదే బాగుంటుంది. జర్మనీలో కాసెల్ యూనివర్సిటీ, ఫ్రాన్‌హోఫర్ సంస్థ వాళ్ళు కలిసి చేసిన పాండాపవర్ పైథాన్‌లో నడుస్తుంది, నేర్చుకోవడం తేలిక. ట్రాన్స్‌మిషన్ వైపు పోయేవాళ్ళకు మాట్‌పవర్ ఉంది. కాలేజీ మాట్‌ల్యాబ్ లైసెన్సు గడువు ఎప్పుడు తీరిందో ఎవరికీ గుర్తుండదు కాబట్టి మొదటినుంచీ ఉచితమైనవాటితోనే పని అలవాటు చేసుకోండి. అటువైపు వాళ్ళు కూడా వాటినే ఇష్టపడతారు, ఫైలు పంపితే అదే రోజు నడిపి చూడగలరు.

టైము విషయంలో జాగ్రత్త. ప్రపంచమంతా డేటా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) పెట్టుకుంటారు, మనది ఐదున్నర గంటలు ముందు. ఆ అరగంటే కొంప ముంచుతుంది. గంట గంటకూ సగటు తీసిన మన డేటానూ వాళ్ళదీ పక్కపక్కన పెడితే అరగంట జారిపోతుంది, సోలారు శిఖరం తప్పు చోట కనబడుతుంది. ఇంకో మాట. మన ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల రేఖాంశానిది, అనంతపురం ఉన్నది 77.6 దగ్గర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున ఇక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేది సగటున 12 గంటల 20 నిమిషాలకు. నాసా పవర్ వెబ్‌సైట్ నుంచి ఎండ వివరాలు ఉచితంగా దించుకోవచ్చు, కాకపోతే అక్కడ యూటీసీ, స్థానిక సౌర సమయం అని రెండు ఎంపికలుంటాయి. ఏది ఎంచుకున్నారో ఫైలు పేరులోనే రాసి పెట్టండి.

రైతుల పేర్లు, సర్వీస్ నంబర్లు, సర్వే నంబర్లు తీసేశాకే ఫైలు బయటికి పంపాలి. సబ్‌స్టేషన్ పేరు కూడా ‘సబ్‌స్టేషన్ ఏ’ అని మార్చండి. డేటా పంచుకోవడానికి డిస్కం ఒప్పుకుందని ఒక్క లైను రాతపూర్వకంగా తీసుకోండి. అనుమతి దొరికితే సెర్న్ పరిశోధన సంస్థ నడిపే జెనోడో అనే డేటా వెబ్‌సైట్‌లో పెట్టండి. డీఓఐ అనే శాశ్వత గుర్తింపు సంఖ్య వస్తుంది, మీ డేటా వాడినవాళ్ళు మీ పేరు ఉదహరించాల్సి వస్తుంది. చిన్న కాలేజీకి ఇది పేపరంత విలువైన ఆస్తి.

మొదటి మెయిలు

ముందు ఆ గ్రూపు ఈమధ్య రాసిన పేపర్లు రెండు మూడు పూర్తిగా చదవండి. ప్రొఫెసరుకు కాకుండా, ఆ పేపర్లో మొదటి పేరున్న పరిశోధక విద్యార్థికి రాస్తే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. పెద్దాయన చుట్టూ వంద పనులుంటాయి. ఆ కుర్రవాడికి తన పేపరు ఎవరో అనంతపురంలో చదివారంటేనే సంతోషం.

మెయిలు ఇంగ్లీషులోనే పోవాలి, సారాంశం మాత్రం ఇట్లా ఉండాలి: ‘మీ పేపర్లో ఇన్వర్టరు ఓల్టేజీ నియంత్రణ సెట్టింగులు చూశాను. దక్షిణ భారతంలో ఒక 11 కేవీ వ్యవసాయ ఫీడరును నేను సెకనుకోసారి కొలిచాను. రోజూ పొద్దున మోటార్లన్నీ ఒకేసారి మొదలవుతాయి, జతచేసిన బొమ్మలో ఆ పది నిమిషాలు చూడొచ్చు. మీ పద్ధతిని ఈ లైను మీద నడిపితే రెసిస్టెన్సు ఎక్కువగా ఉండటం వల్ల సరిగా పనిచేయదనుకుంటున్నాను. ఫీడరు మోడలు పాండాపవర్‌లో ఉంది. అరగంట మాట్లాడే వీలుంటుందా?’ ఒకే బొమ్మ, ఒకే ప్రశ్న, అడిగింది అరగంట. బయోడేటా జతచేయొద్దు. ‘రెస్పెక్టెడ్ సర్, విత్ డ్యూ రెస్పెక్ట్’ అని మొదలుపెట్టొద్దు. ఫండింగు మాట ఎత్తొద్దు. పది రోజుల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తు చేయండి. అప్పటికీ రాకపోతే ఇంకో గ్రూపుకు రాయండి, మనసులో పెట్టుకోకండి.

ఎవరికి రాయాలో తెలియకపోతే, రెండేళ్ళకోసారి జరిగే నేషనల్ పవర్ సిస్టమ్స్ కాన్ఫరెన్సుకు వెళ్ళండి. ఐఈఈఈ పవర్ అండ్ ఎనర్జీ సొసైటీ వెబినార్లలో మాట్లాడినవాళ్ళను పట్టుకోండి. ఫీజు కడితే నాలుగు రోజుల్లో పేపరు వేసే ‘ఇంటర్నేషనల్’ జర్నళ్ళ జోలికి మాత్రం పోకండి. అటువైపు మనిషి మీ పేరు వెతికినప్పుడు ముందు కనబడేవి అవే.

పని నడిపించడం

రెండు వారాలకోసారి ఒకే రోజు, ఒకే టైము పెట్టుకోండి. జర్మనీ మనకంటే చలికాలంలో నాలుగున్నర, ఎండాకాలంలో మూడున్నర గంటలు వెనక. మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం వాళ్ళ గడియారాలు మారతాయి. మన మధ్యాహ్నం రెండున్నర వాళ్ళకు పదో పదకొండో అవుతుంది, ఇద్దరికీ కుదిరే వేళ అదే. అమెరికా వాళ్ళతో అయితే సాయంత్రం ఏడు తర్వాతే, అంటే ఇంట్లో వాళ్ళ సహకారం కూడా కావాలి.

మన పిల్లలకు ఆ కాల్స్ అంటే ఇంగ్లీషు టెన్షన్. నోరు పెగలదు. దానికి నా మందు ఒకటే: ముందు స్క్రీన్ మీద గ్రాఫు పెట్టించి, ‘ఇక్కడేం జరిగిందో చెప్పు’ అంటాను. తను స్తంభం దగ్గర నిలబడి చూసిన సంగతి చెప్పడానికి వ్యాకరణం అడ్డం రాదు. అటువైపు వాళ్ళకూ ఇంగ్లీషు సొంత భాష కాదు, ఆ సంగతి మన పిల్లలు రెండో మీటింగుకల్లా గమనిస్తారు.

మన మర్యాద ఒకచోట మనకే అడ్డొస్తుంది. వాళ్ళేదైనా గడువు చెబితే కాదనలేక ‘ఎస్, ఎస్’ అంటాం. ఆ వారం యూనివర్సిటీ పరీక్షల ఇన్విజిలేషన్ పడుతుంది. పని కాదు, మొహం చాటేస్తాం. ‘ఆ వారం నాకు కుదరదు, 20వ తేదీకి ఇస్తాను’ అని ముందే చెబితే వాళ్ళు ఏమీ అనుకోరు. చెప్పకుండా మాయమైతే మాత్రం చాలా అనుకుంటారు. పేపర్లో ఎవరి పేరు ఎక్కడ అన్నది కూడా మొదటి నెలలోనే మాట్లాడుకుని మెయిల్లో రాసుకోండి. ల్యాబు మొహం చూడని హోదా గల పేర్లు మన దగ్గర పేపర్లలోకి ఎట్లా దూరతాయో మీకు తెలియంది కాదు. అటువైపు వాళ్ళు ‘ఈయన ఏం చేశారు?’ అని సూటిగా అడుగుతారు.

కలిసి పాఠం చెప్పడం

డిగ్రీ స్థాయిలో ఒప్పందాలు మనలాంటి అఫిలియేటెడ్ కాలేజీల చేతిలో లేవు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ట్విన్నింగ్, జాయింట్ డిగ్రీలు పెట్టాలంటే మన సంస్థకు నాక్ స్కోరు కనీసం 3.01 ఉండటమో, కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో యూనివర్సిటీల జాబితాలో మొదటి వందలో ఉండటమో, ‘ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎమినెన్స్’ హోదా ఉండటమో కావాలి. అది యూనివర్సిటీ స్థాయి పని. ఒక యూనిట్ పాఠాన్ని రెండు దేశాల విద్యార్థులతో కలిపి చేయించడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు, హెచ్ఓడీకి ఒక మాట చెబితే చాలు.

మేం చేసిన వాటిల్లో బాగా పండింది ఫ్రీక్వెన్సీ ప్రాజెక్టు. గోడ సాకెట్‌కు 230/6 ఓల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మర్, దాని వెనక జీరో క్రాసింగ్ (ఓల్టేజీ సున్నా దాటే క్షణం) పట్టే సర్క్యూటు, ఒక ఆర్డ్యూనో బోర్డు. ఇక్కడ మా పిల్లలు, అక్కడ వాళ్ళ పిల్లలు ఒకే గంట ఫ్రీక్వెన్సీ రికార్డు చేసి పక్కపక్కన గీస్తారు. రెండూ 50 హెర్ట్జే, కానీ గీతలు వేరుగా ఊగుతాయి. మన గ్రిడ్ కోడ్ 49.90 నుంచి 50.05 దాకా సరే అంటుంది. యూరప్ గీత అంతకంటే సన్నటి దారిలో నడుస్తుంది. అక్కణ్ణుంచి చర్చ దానంతటదే పోతుంది. దక్షిణ గ్రిడ్ 2013 డిసెంబరు 31న రాయచూరు–సోలాపూర్ 765 కేవీ లైనుతో మిగతా దేశంతో కలిసిందని, అంతకుముందు మన ఫ్రీక్వెన్సీ మనదేనని మా పిల్లలు చెబుతారు. 2018 మొదట్లో సెర్బియా, కొసోవోల మధ్య తగాదా వల్ల యూరప్ ఫ్రీక్వెన్సీ వారాల తరబడి కాస్త తక్కువగా నడిచి, వంటింటి ఓవెన్ల గడియారాలు ఆరు నిమిషాల దాకా వెనకబడ్డాయని వాళ్ళు చెబుతారు. జనరేషనూ లోడూ సమానంగా ఉండాలనే మాట నేను బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా ఇంతగా ఎక్కలేదు.

క్యాలెండర్లు ముందే చూసుకోండి. జర్మనీలో వేసవి సెమిస్టరు ఏప్రిల్‌లో, శీతాకాలపు సెమిస్టరు అక్టోబరులో మొదలవుతాయి. మన సెమిస్టర్ల తేదీలు ఆ ఏడాది నోటిఫికేషన్ వచ్చేదాకా ఎవరికీ తెలియవు. కాబట్టి ఉమ్మడి పనిని మూడు నాలుగు వారాలకు మించి పెట్టకండి.

డబ్బు, కాగితాలు

ఏడాది కలిసి పనిచేశాక, చేతిలో ఒక పేపరో డేటాసెట్టో ఉన్నాక ఇటు రండి. విదేశీ గ్రూపులతో ఉమ్మడి పరిశోధనకు కేంద్రం 2018లో మొదలుపెట్టిన స్పార్క్ పథకాన్ని ఐఐటీ ఖరగ్‌పూర్ చూసుకుంటుంది. రెండు దేశాల గ్రూపులు కలిసి దరఖాస్తు చేయాలి, ర్యాంకింగు నిబంధనలుంటాయి. మీ కాలేజీకి అర్హత లేకపోతే తిరుపతి ఐఐటీ లాంటి చోట ఒకరిని కలుపుకుని వెళ్ళండి. విదేశీ ప్రొఫెసరు ఇక్కడికొచ్చి చిన్న కోర్సు చెప్పడానికి 2015లో వచ్చిన జ్ఞాన్ పథకం ఉంది. బీటెక్ పిల్లలకు కెనడాలో 12 వారాల మైటాక్స్ గ్లోబలింక్, జర్మనీలో విద్యార్థి మార్పిడి సంస్థ డాడ్ వాళ్ళ వైజ్ ఇంటర్న్‌షిప్ ఉన్నాయి. ఈ ఏడాది నడుస్తున్నాయో లేదో, ఏ కాలేజీల వాళ్ళు అర్హులో ముందు చూడండి. దరఖాస్తు ముందటి ఏడాదే పెట్టాలి, మూడో సంవత్సరం మొదట్లోనే పాస్‌పోర్టు చేతిలో ఉండాలి.

అటువైపు నుంచి కాలేజీ ఖాతాకు డబ్బు వస్తుందంటే ఎగిరి గంతేయకండి. ట్రస్టు నడిపే ప్రైవేటు కాలేజీలకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా విదేశీ విరాళం తీసుకునే వీల్లేదు. ఉన్నా అది ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. మీ అకౌంట్స్ సెక్షన్‌ను, ఆడిటర్‌ను ముందే అడగండి. మేమైతే డబ్బు జోలికే పోలేదు. వాళ్ళ ఖర్చు వాళ్ళది, మా ఖర్చు మాది. ఎంఓయూ రాసుకుంది కూడా కలిసి పని నడిచాకే. డేటా ఎవరిది, పేపర్లో పేర్లు ఎట్లా, విద్యార్థి అక్కడికి వెళ్తే ఉండటానికి ఎవరు ఇస్తారు అన్నవే అందులో రాశాం. అప్పటికే అవన్నీ మెయిళ్ళలో తేలిపోయాయి కాబట్టి రెండు పేజీల్లో అయిపోయింది.

అతిథి వచ్చినప్పుడు

అటువైపు ప్రొఫెసరును ఇక్కడికి ఏప్రిల్, మే నెలల్లో పిలవకండి. ఫిబ్రవరి రెండో సగం మంచిది. అప్పటికి జర్మనీలో క్లాసులైపోయి ఉంటాయి, ఇక్కడ రబీ వేరుశెనగకు నీళ్ళు కడుతుంటారు కాబట్టి మోటార్లన్నీ నడుస్తుంటాయి, ఎండ ఇంకా ముదరదు. బెంగళూరు విమానాశ్రయం నుంచి అనంతపురానికి రోడ్డు మీద మూడు నాలుగు గంటలు. హోటలు వాళ్ళు విదేశీయుల వివరాలు 24 గంటల్లో అధికారులకు పంపాలి, చిన్న హోటళ్ళకు ఆ సంగతి తెలుసో లేదో బుక్ చేసేటప్పుడే అడగండి. కాలేజీ గెస్ట్‌హౌసులో పెడితే ఆ పని మీదే.

శాలువా సన్మానం, ఆడిటోరియంలో ఉపన్యాసం పెట్టకపోతే యాజమాన్యం ఊరుకోదు, పెట్టండి. కానీ అవి సాయంత్రానికి నెట్టండి. పొద్దున కరెంటు ఇచ్చే టైము ఏఈని అడిగి, దానికి అరగంట ముందే అతిథిని చివరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి తీసుకుపోండి. సబ్‌స్టేషన్ లోపలికి తీసుకెళ్ళాలంటే విదేశీయుడికి విడిగా అనుమతి కావాలి, దానికి నెల ముందే ఉత్తరం పెట్టాలి. ఆయన బూట్లతో రావాలి, ఫెన్సింగు బయటే నిలబడాలి, మోటారు యజమానికి ముందు రోజే చెప్పి ఉంచాలి. లేకపోతే ‘మీటర్లు పెట్టడానికొచ్చినారా?’ అని ఊరంతా వచ్చి చుట్టూ చేరుతుంది, మీకు గ్రాఫు చూపించే తీరికే దొరకదు.